ఫ్రేమ్‌వర్క్ నేర్చుకోవాలంటే ఇన్‌స్టిట్యూట్ గడప తొక్కాలా?

పరీక్షలు అయిపోయి, ఫలితాలు ఇంకా రాకముందు, మన హాస్టల్ వరండాల్లో ఏటా ఒకే ప్రశ్న తిరుగుతూ ఉంటుంది. "ఏ కోర్సులో చేరుతున్నావు?" కాలేజీలో చదువుతున్నది చాలదని, బయట ఫీజు కట్టి ఇంకొకటి నేర్చుకుంటే తప్ప ఉద్యోగం రాదని మనమందరం ఎవరూ చెప్పకుండానే ఒప్పేసుకున్నాం. ఈ వార్షికోత్సవ సంచికలో మేము రాయదలచుకున్నది ఆ ఒప్పుకోలు గురించే. ముఖ్యంగా వెబ్ అప్లికేషన్ ఫ్రేమ్‌వర్క్ అనే మాట వినగానే బెదిరిపోయి, తల్లిదండ్రుల చేత అప్పు చేయించడానికి సిద్ధపడుతున్న చెల్లెళ్ల కోసం.

మేము పదకొండో నంబరు గదిలోని నలుగురం. ఎం.సి.ఏ. చదువుతున్నాం. నలుగురి ఇళ్లలోనూ డిగ్రీ పట్టా చూసిన మొదటివాళ్లం మేమే. నలుగురికీ కలిపి ఒక సెకండ్ హ్యాండ్ లాప్‌టాప్ ఉంది. దాని బ్యాటరీ ఎప్పుడో పోయింది కాబట్టి కరెంటు ఉన్నంతసేపే మా చదువు.

మాలో ఒకామె డిగ్రీ చివరి సంవత్సరం సెలవుల్లో ఒక ఇన్‌స్టిట్యూట్‌లో చేరింది. ఫీజు ఇరవై రెండు వేలు. వాళ్లమ్మ డ్వాక్రా గ్రూపులో తీసుకున్న అప్పు అది. మూడు నెలల కోర్సు, జాంగో అనే ఫ్రేమ్‌వర్క్ నేర్పుతామన్నారు. నేర్పారు కూడా, కాదనలేం. జిరాక్స్ తీసి పిన్ను కొట్టిన నోట్సు ఇచ్చారు. అందులో ఉన్నది ఉన్నట్టు టైప్ చేస్తే ఇన్‌స్టిట్యూట్ కంప్యూటర్‌లో నడిచింది. అదే హాస్టల్‌కు వచ్చి లాప్‌టాప్‌లో టైప్ చేస్తే నడవలేదు. స్క్రీన్ నిండా ఇంగ్లీష్ లైన్లు. మర్నాడు సార్‌ను అడిగితే, "నీ లాప్‌టాప్ పాతది, బాగుండదు" అన్నారు. ఇంకోసారి అడిగితే "సరిగ్గా చూసి టైప్ చెయ్యి" అన్నారు. నాలుగు రోజులు అక్షరం అక్షరం పోల్చి చూసుకుంది. తప్పు తనదేనని, తనకు ఇది రాదని నమ్మేసి ఆ నోట్సును ట్రంకుపెట్టె అడుగున పడేసింది. అప్పు మాత్రం నెలనెలా వాళ్లమ్మ కట్టింది.

ఏడాది తర్వాత ఆ నోట్సు బయటికి తీసి మేము నలుగురం కూర్చుని చూశాం. తప్పు ఆమెది కాదు, లాప్‌టాప్‌దీ కాదు. జాంగోలో వెబ్ చిరునామాలను కలపడానికి పూర్వం 'యూఆర్‌ఎల్' అనే ఫంక్షన్ వాడేవారు. 2017 డిసెంబర్‌లో వచ్చిన 2.0 వెర్షన్‌తో 'పాత్' అనే తేలిక పద్ధతి వచ్చింది. 2020లో వచ్చిన 3.1 వెర్షన్ నుంచి పాతదాన్ని వాడితే హెచ్చరిక ఇవ్వసాగారు. 2021 డిసెంబర్‌లో వచ్చిన 4.0లో దాన్ని పూర్తిగా తీసేశారు. నోట్సు పాత కాలానిది, ఆమె లాప్‌టాప్‌లో దిగింది కొత్త జాంగో. అంతే సంగతి. ఇదంతా జాంగో వాళ్లే రాసి ఉచితంగా పెట్టిన విడుదల వివరాల్లో స్పష్టంగా ఉంది. అది ఉందని మాకెవరూ చెప్పలేదు. ఇరవై రెండు వేలు పుచ్చుకున్నవాళ్లు కూడా చెప్పలేదు.

ఇంతకీ ఫ్రేమ్‌వర్క్ అంటే ఏమిటి? మన భాషలో చెప్పుకుందాం. ఊరి నుంచి నాన్న వచ్చి హాస్టల్ గేటు దగ్గర నిలబడ్డాడనుకోండి. ఏ పని మీద వచ్చారో అడిగి ఎటు పంపాలో అటు పంపేది వాచ్‌మన్. ఆఫీసులో వార్డెన్ మేడమ్ విషయం విని రిజిస్టర్ తెప్పించి చూస్తారు. ఆ తర్వాత అచ్చు వేయించి పెట్టుకున్న అవుట్‌పాస్ ఫారం తీసి, ఖాళీల్లో పేరు, తేదీ నింపి ఇస్తారు. జాంగోలో వాచ్‌మన్ పని చేసే ఫైలును 'యూఆర్‌ఎల్స్' అంటారు. నిర్ణయం తీసుకునే మేడమ్ 'వ్యూ'. రిజిస్టర్ 'మోడల్'. ఖాళీలున్న అచ్చు ఫారం 'టెంప్లేట్'. బ్రౌజర్‌లో మనం ఒక చిరునామా కొట్టిన ప్రతిసారీ లోపల జరిగే తతంగం ఇదే. గేటు, ఆఫీసు, రిజిస్టర్ల బీరువా అన్నీ కట్టి సిద్ధంగా ఇస్తారు. ఎవరికి పాస్ ఇవ్వాలి, రిజిస్టర్‌లో ఏ గడులు ఉండాలి అన్నది మనం రాసుకోవాలి. ఫ్రేమ్‌వర్క్ అంటే ఈ కట్టడమే తప్ప మంత్రం కాదు.

ఈ కట్టడం ఎక్కడ పుట్టిందో తెలిస్తే సగం భయం పోతుంది. అమెరికాలో కాన్సస్ రాష్ట్రంలోని లారెన్స్ అనే ఊళ్లో, 'లారెన్స్ జర్నల్-వరల్డ్' అనే స్థానిక పత్రిక ఆఫీసులో 2003లో మొదలైంది. ఏడ్రియన్ హొలొవాటీ, సైమన్ విల్లిసన్ అనే ఇద్దరు ప్రోగ్రామర్లు పత్రిక వెబ్‌సైట్ పని చేస్తుండేవారు. పత్రిక పని కదా, పొద్దున అనుకున్నది సాయంత్రానికి కావాలి. ప్రతిసారీ మొదటినుంచీ రాసుకునే తీరిక లేక, మళ్లీ మళ్లీ వచ్చే పనులను ఒకచోట పోగుచేశారు. అదే జాంగో అయింది. 2005 జూలైలో దాన్ని అందరికీ ఉచితంగా విడుదల చేశారు. విలేకరులకు ప్రోగ్రామింగ్ రాదు కాబట్టి, వాళ్లు వార్తలు ఎక్కించుకోవడానికి తయారుగా ఉండే 'అడ్మిన్' పేజీలు అందులో మొదటినుంచీ ఉన్నాయి. 2010లో మొదలైన ఇన్‌స్టాగ్రామ్‌ను కూడా దీని మీదే కట్టారు.

పేరు సంగతి కూడా చెప్పాలి. జాంగో రైన్‌హార్ట్ అనే గిటార్ కళాకారుడి పేరు అది. 1910లో బెల్జియంలో, ఊరూరా తిరిగే రోమా కుటుంబంలో పుట్టాడు. యూరప్‌లో ఆ సంచార జాతిని ఎంత చిన్నచూపు చూశారో చరిత్ర పుస్తకాల్లో ఉంది. 1928లో వాళ్లు నివసించే బండికి నిప్పంటుకుని అతని ఎడమ చేతి రెండు వేళ్లు దెబ్బతిన్నాయి. మిగిలిన వేళ్లతో వాయించడం మళ్లీ నేర్చుకుని జాజ్ సంగీతంలో తనదంటూ ఒక బాణీ తెచ్చాడు. ఇది తెలిసిన రోజు మా గదిలో చాలాసేపు ఈ మాటే నడిచింది. పేరు రాసేటప్పుడు మొదట ఉండే 'డి' అక్షరం పలకదనీ ఆ రోజే తెలిసింది. అంతవరకు మేము 'డిజాంగో' అనేవాళ్లం.

ఎక్కడ మొదలుపెట్టాలన్న దగ్గర మాకు మా లెక్చరర్లతో కొంచెం పేచీ ఉంది. "ముందు సి, జావా, డేటాబేస్ అన్నీ పూర్తి చేయండి, ఫ్రేమ్‌వర్క్‌లు తర్వాత" అంటారు. వాళ్ల మాటలో న్యాయం లేకపోలేదు. పునాది తెలియకుండా పైఅంతస్తు ఎక్కినవాళ్లు చిన్న తేడా వస్తే నిలబడిపోతారు. కానీ 'అన్నీ పూర్తి చేశాక' అన్న షరతు మనలాంటి వాళ్లకు ఎప్పటికీ తీరదు. మనకు అసలే 'ఇంకా రాలేదేమో, ఇంకా చాలదేమో' అన్న అనుమానం. దానికి ఈ షరతు తోడైతే మూడేళ్లూ సిద్ధపడటంలోనే గడిచిపోతాయి. పైథాన్‌లో లిస్టు, డిక్షనరీ, ఫంక్షన్ వస్తే చాలు, క్లాసు అంటే సగం అర్థమైనా ఫర్వాలేదు. హెచ్‌టీఎంఎల్‌లో ఒక ఫారం రాయగలగాలి. డేటాబేస్‌లో రెండు టేబుళ్లను ఎలా ముడిపెడతారో తెలియాలి. అదీ మా అభిప్రాయంలో కావలసిన పెట్టుబడి. ఇంకొక్క సాయంత్రం మాత్రం కేటాయించండి. పైథాన్‌తో పాటే ఒక చిన్న సర్వర్ వస్తుంది. దాన్ని నడిపి, మీరు రాసిన పేజీని హాట్‌స్పాట్ మీద స్నేహితురాలి ఫోన్‌లో తెరిపించండి. డేటా ఖర్చు ఉండదు. ఫోన్ అడగడం, లాప్‌టాప్ జవాబివ్వడం కళ్లారా చూస్తారు. వెబ్ అంటే ఈ అడగడం, చెప్పడమే.

జాంగో దించుకోవడానికి పది ఎంబీ కూడా కాదు. దించుకునే ముందు 'వర్చువల్ ఎన్విరాన్‌మెంట్' ఒకటి తయారు చేసుకోండి. ఒక్కో పనికి ఒక్కో ట్రంకుపెట్టె అన్నమాట, ఒకదాని సామాను ఇంకొకదానిలో కలవదు. మా స్నేహితురాలికి ఈ ఒక్క ముక్క నేర్పి ఉంటే, నోట్సులో ఉన్న పాత వెర్షన్‌నే ఒక పెట్టెలో పెట్టుకుని ఆ నాలుగు రోజులు ఏడవకుండా ఉండేది. తర్వాత సర్వర్ నడిపితే బ్రౌజర్‌లో రాకెట్ బొమ్మ వస్తుంది. మాకు ఆ రాకెట్ రాత్రి పదకొండు గంటలకు వచ్చింది. పక్క గదివాళ్లు గోడ మీద కొట్టారు, గోల చేయొద్దని.

జాంగో అధికారిక పాఠం ఒకటుంది. ఎనిమిది భాగాలు. ఓట్లు వేసే చిన్న అప్లికేషన్ చేయిస్తారు. వీడియోలు చూడటం మానేసి దాన్ని చదవండి అని మేము గట్టిగా చెబుతాం. వీడియోలో ఆయన చేతులు ఆడుతుంటే మనకే వచ్చినట్టు ఉంటుంది, ఆపేశాక మన చేతులు ఆడవు. పైగా మన హాస్టల్లో సిగ్నల్ ఎంత బాగుంటుందో మీకు తెలుసు. ఆరు గంటలకు గేటు మూసేశాక నెట్ సెంటర్‌కు వెళ్లే దారీ లేదు. జాంగో పుస్తకం మొత్తాన్ని పీడీఎఫ్‌గా దించుకోవచ్చు. వెయ్యి పేజీలు దాటిన పుస్తకం, పైసా ఖర్చు లేదు. కాలేజీలో ఒకసారి దించుకుని పెట్టుకుంటే నెట్ లేకపోయినా చదువుకోవచ్చు. అది కష్టమనిపిస్తే 'జాంగో గర్ల్స్' వాళ్ల పాఠం ఉంది. 2014లో బెర్లిన్‌లో ఇద్దరు పోలండ్ యువతులు, కంప్యూటర్ రంగంలోకి కొత్తగా వచ్చే ఆడపిల్లల కోసం మొదలుపెట్టినది. కమాండ్ అంటే ఏమిటో కూడా తెలియని వాళ్లను దృష్టిలో పెట్టుకుని రాశారు.

ఓట్ల పాఠం అయ్యాక అసలు పరీక్ష. చూసి చేసినది మనది కాదు. మనకు తెలిసిన పని ఒకటి తీసుకోవాలి. మేము మెస్ లెక్క తీసుకున్నాం. హాస్టల్లో మేము నూట పన్నెండు మందిమి. శనివారం రాత్రి ఎంతమంది ఊరెళ్తారో, ఎంతమంది తింటారో వంట అక్కకు తెలియదు. అందాజుగా వందమందికి బియ్యం పోస్తుంది. మిగిలితే పారబోత, చాలకపోతే ఆలస్యంగా వచ్చినవాళ్లకు చారన్నం. రేపు తినేది ఎంతమందో ముందురోజు రాత్రికే తేలితే ఈ బాధ ఉండదు కదా అనుకున్నాం. రెండు టేబుళ్లు పెట్టాం. ఒకదానిలో పేరు, గది, సంవత్సరం. రెండోదానిలో తేదీ, ఏ పూట, తింటుందా లేదా. వివరాలు ఎక్కించే పేజీలు మేము రాయనే లేదు, అడ్మిన్‌లో రెండు లైన్లు చేర్చితే వాటంతటవే వచ్చాయి. పేర్లు తెలుగులోనే ఎక్కించాం. సెట్టింగ్స్‌లో భాష తెలుగు అని పెడితే అడ్మిన్ పేజీ కూడా కొంత తెలుగులోకి మారింది, కొంత ఇంగ్లీష్‌లోనే ఉండిపోయింది. ఎవరో తెలుగువాళ్లు ఓపికగా అనువదించి సగంలో ఆపినట్టున్నారు.

ఇక తప్పుల సంగతి. ఇక్కడే చాలామంది వెనక్కి పోతారు కాబట్టి కాస్త వివరంగా చెబుతాం.

మొదటిది, 'అలాంటి టేబుల్ లేదు' అన్న తప్పు. మోడల్ రాశాం, టేబుల్ లేదంటుంది. రిజిస్టర్ ఎలా ఉండాలో కాగితం మీద గీసి ఇచ్చాం గానీ రిజిస్టర్ కుట్టించలేదు. 'మేక్‌మైగ్రేషన్స్', 'మైగ్రేట్' అని రెండు ఆజ్ఞలున్నాయి. మొదటిది కొలతలు రాసుకుంటుంది, రెండోది కుడుతుంది. మోడల్ మార్చిన ప్రతిసారీ రెండూ నడపాలి. మేము ఇప్పటికీ మరిచిపోతూనే ఉంటాం.

రెండోది, ఫారం నింపి పంపగానే 403 అని, 'నిషిద్ధం' అని వచ్చింది. మాకు నిజంగా భయం వేసింది, ఏదో చేయకూడని పని చేశామేమోనని. ఆ పేజీలోనే 'సీఎస్‌ఆర్‌ఎఫ్' అన్న మాట ఉంది. చదివితే అర్థమైంది. మీరు మన సైట్‌లో లాగిన్ అయి ఉండగా, వేరే ఎవరో తమ సైట్ నుంచి మీకు తెలియకుండా మీ పేరు మీద ఒక ఫారం పంపించవచ్చు. అవుట్‌పాస్ మీద మేడమ్ స్టాంపు లేకపోతే గేటు దగ్గర ఆపినట్టు, తాను ఇచ్చిన ఫారమేనా అని జాంగో ఒక గుర్తు అడుగుతుంది. ఆ గుర్తును టెంప్లేట్‌లో ఫారం లోపల ఒక చిన్న ముక్కగా రాయాలి, మేము రాయలేదు. మమ్మల్ని గద్దించిందనుకున్నది, నిజానికి మాకు కాపలా కాస్తోంది. కొందరు ఈ తప్పు రాగానే నెట్‌లో వెతికి ఆ కాపలానే తీసేసే లైను అంటిస్తారు. దయచేసి ఆ పని చేయకండి.

మూడోది తప్పని కూడా తెలియని తప్పు. రాత్రి ఎనిమిదికి ఎక్కించిన పేర్లు మధ్యాహ్నం రెండున్నరకు ఎక్కినట్టు చూపించింది. కొత్త ప్రాజెక్టులో గడియారం అంతర్జాతీయ కాలమానం మీద ఉంటుంది, మనకన్నా ఐదున్నర గంటలు వెనక. సెట్టింగ్స్‌లో 'ఆసియా/కోల్‌కతా' అని మార్చితే సరిపోయింది.

తప్పుల జాబితాను కిందినుంచి చదవడం అలవాటు చేసుకోండి. అసలు విషయం ఎక్కువగా ఆఖరి లైన్లో ఉంటుంది. మీరు రాసిన ఫైలు పేరు ఎక్కడ కనబడుతుందో అక్కడ ఆగండి. ఇప్పుడు ఫోన్లో అడిగితే కోడ్ మొత్తం రాసిచ్చే ఏఐ సాధనాలు వచ్చాయి. మేమూ వాడతాం. తప్పును ముందు మేమే చదివి, అర్థం కాని ముక్క ఏమిటో తేల్చుకున్నాక అడుగుతాం. ముందే అడిగితే అది జిరాక్స్ నోట్సు లాంటిదే, కాకపోతే ఇరవై రెండు వేలు ఉండదు. ఇంగ్లీష్ భయం గురించి కూడా ఒక మాట. తెలుగు మీడియంలో పదో తరగతి వరకు చదివినవాళ్లం మేము. ఆ పుస్తకంలో తిరిగి తిరిగి వచ్చే మాటలు మహా అయితే రెండు మూడు వందలు. ఒక నోట్‌బుక్‌లో రాసుకుంటూ పోయాం. నెల తిరిగేసరికి కొత్త మాటలు తగ్గిపోయాయి.

మెస్ లెక్క తయారయ్యాక మేడమ్‌కు చూపించాం. ఆమె ఒకే ఒక ప్రశ్న అడిగారు. "ఏ అమ్మాయి ఏ రాత్రి హాస్టల్లో లేదో ఇందులో తెలుస్తుంది కదా, ఇది ఎవరెవరు చూడగలరు?" మా దగ్గర జవాబు లేదు. ఆ ఆలోచనే మాకు రాలేదు. వారం రోజులు కూర్చుని, పేర్లు కనబడే పేజీలకు లాగిన్ పెట్టాం, బయటి పేజీలో అంకె మాత్రమే ఉంచాం. దాన్ని ఇంటర్నెట్‌లో పెట్టలేదు, పెట్టం కూడా. నేర్చుకునేటప్పుడు వాడే సర్వర్‌ను బయటి ప్రపంచానికి తెరవవద్దని జాంగో పుస్తకమే చెబుతుంది. మూడు నెలల కోర్సులో ఎవరూ అడగని ప్రశ్న మా మేడమ్ ఒక్క నిమిషంలో అడిగారు.

దీనివల్ల ఉద్యోగం వస్తుందా అని మీరు అడుగుతారు. వస్తుందని చెప్పి మిమ్మల్ని మోసం చేయం. క్యాంపస్‌కు వచ్చే కంపెనీలు చాలావరకు జావా అడుగుతాయి. కానీ రూబీలో రెయిల్స్ చూసినా, పీహెచ్‌పీలో లారావెల్ చూసినా, జావాలో స్ప్రింగ్ చూసినా గేటు, ఆఫీసు, రిజిస్టర్, ఫారం అన్నవి వేరే పేర్లతో మళ్లీ ఎదురవుతాయి. ఒకదాన్ని చివరిదాకా చేసినవాళ్లకు రెండోది కొత్తగా ఉండదు. నెలకొక ఫ్రేమ్‌వర్క్ మార్చేవాళ్లకు మాత్రం అన్నీ కొత్తగానే ఉంటాయి. మాలో ఒకరికి మొన్న ఇంటర్వ్యూలో 403 అంటే ఏమిటని అడిగారట. మెస్ కథ మొత్తం చెప్పి వచ్చింది. ఫలితం ఇంకా తెలియలేదు.

వంట అక్క లాప్‌టాప్ వైపు చూడదు. రాత్రి తొమ్మిదికి అంకె చూసి వంటగది తలుపు మీద సుద్దముక్కతో రాస్తాం. పోయిన శనివారం అరవై నాలుగు. బియ్యం దానికి తగ్గట్టే పోసింది, అందరికీ సరిపోయింది. సోమవారం పొద్దున మాత్రం లెక్క ఇంకా తప్పుతోంది. ఆదివారం ఊళ్లో ఉండి తెల్లవారి బస్సుకు వచ్చి టిఫిన్ చేసేవాళ్లను అది పట్టుకోలేకపోతోంది. ఆ పని డిగ్రీ రెండో సంవత్సరం చెల్లెళ్లు ముగ్గురు తీసుకున్నారు. లాప్‌టాప్ ఆదివారం మధ్యాహ్నం రెండు నుంచి ఐదు వరకు వాళ్లది. ఇంకెవరైనా కూర్చుంటామంటే పదకొండో నంబరు గదికి రండి. నోట్‌బుక్, పెన్ను తెచ్చుకోండి, కుర్చీలు రెండే ఉన్నాయి.